సంతకం పడేదాకా మావని కాను

2022 శీతాకాలం. టెక్కలిలో ఒక కాలేజీ మైదానం. అమ్మాయిల బాస్కెట్‌బాల్ పోటీల చివరి మ్యాచ్‌కి నేను రిఫరీని. ఏడో తరగతితో బడి మానేసి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తూ, రూల్ బుక్కు పక్కన నిఘంటువు పెట్టుకుని ఈ విద్య నేర్చుకున్నవాణ్ణి. కోచ్ నోరు పారేసుకుంటే ఏం చెయ్యాలని కుర్ర రిఫరీలు అడుగుతుంటారు. వాళ్ళకి నేను చెప్పేది నా గొప్ప కాదు, నా తప్పు.

ఒకవైపు పలాస నుంచి వచ్చిన జట్టు. దాని కోచ్ గోవిందరావు, భూములూ ఊళ్ళో మాటా ఉన్న ఇంటి మనిషి. రెండోవైపు అక్కుపల్లి ఆడపిల్లలు, సముద్రం మీద బతికే ఇళ్ళవాళ్ళు. వాళ్ళలో బంతి నడిపే పిల్ల గౌరి; పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఆరోజు వేట మానుకుని ఆమె తండ్రి కూడా వచ్చాడు. కూతురు ఆడటం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదనీ, ఈ ఒక్క ఆటా చూసి ఏదో ఒకటి తేలుస్తాననీ ఆయనే నాతో అన్నాడు.

మా వైపు ముఖపరిచయం ఉంటే చాలు, మావా అనో బావా అనో పిలుపు మొదలవుతుంది. ఆ వరస కలిసిందంటే వెక్కిరింపులకి అడ్డు ఉండదు. పడ్డవాడు నవ్వాలి, కుదిరితే తిరిగి ఒకటి అంటించాలి. గోవిందరావు నాకు ఏ చుట్టమూ కాడు. అయినా మొదటి క్వార్టర్‌లోనే అందుకున్నాడు.

“ఏటి మావా, కళ్ళజోడు ఇంటికాడ మరిసిపోనావేటి?”

“మరిసిపోలేదు అల్లుడూ, నీ మొకం సూడలేక తీసీసినాను!” అన్నాను.

జనం ఘొల్లుమన్నారు. నాకూ బాగానే ఉంది, అబద్ధమెందుకు.

బెంచీ ముందు కోచ్ నిలబడటానికి గీతలు గీసి ఉంటాయి. దాన్ని కోచ్ బాక్స్ అంటాం. రెండో క్వార్టర్‌కల్లా అతను ఆ గీతలు దాటి సగం కోర్టు దాకా వచ్చేశాడు. నేను విజిల్ ఊదినప్పుడల్లా చేతులు గాల్లోకి విసిరాడు. పిలిచి ఒక్క హెచ్చరిక చెయ్యాల్సింది. చెయ్యలేదు. మావా అన్నవాడితో పేచీ ఎందుకని ఊరుకున్నాను.

చివరి క్వార్టర్. అక్కుపల్లి మూడు పాయింట్లు వెనక ఉంది. గౌరిని తోసినందుకు ఆమెకి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చాను, అంటే ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి వేసే బంతులు. మొదటిది వెయ్యబోతుంటే గోవిందరావు కేక:

“వల ఇసిరినట్టు కాదే గుంటా! నెత్తిమీద సేపల గంప ఎట్టుకో, సూటిగా ఎల్తాది!”

బంతి రింగుకి కూడా తగల్లేదు. జనం నవ్వారు. గౌరి తండ్రి లేచి కోర్టు అంచుకి వచ్చాడు. “రాయే అమ్మా, ఎల్లిపోదాం. మనకొద్దీ ఆట,” అన్నాడు. గొంతు పెంచలేదు.

గౌరి కదల్లేదు. బంతి పట్టుకుని ఉన్న నా వైపు తిరిగింది.

“తాతా, ఆయనేటన్నా పొద్దుటినుంచీ నువ్వే నవ్వుతున్నావు కదా. మరి మాకెవులున్నారు?”

ఒళ్ళు మండింది. అతని మీద సగం, నా మీద సగం. జనానికి నవ్వడం నేర్పింది నేనే. విజిల్ ఊది టెక్నికల్ ఫౌల్ చూపించాను. ఒంటిమీద చెయ్యి పడకపోయినా మాటకీ నడతకీ వేసే శిక్ష అది. ఎదుటి జట్టుకి ఒక ఫ్రీ త్రో వస్తుంది. అలాంటి ఫౌలు కోచ్‌కి రెండోసారి పడితే మైదానం వదిలిపోవాలి.

గోవిందరావు పరుగున వచ్చాడు. “నాకేనేటి మావా! ఆట్లో ఇయన్నీ మామూలే కదేటి!”

“నవ్వడం నా తప్పే. ఆ పిల్ల నీకేటి వరస, సెప్పు? స్కోరుషీటు మీద నా సంతకం పడేదాకా నేనెవరికీ మావని కాను. ఎల్లి కూకో. ఇంకో మాటొస్తే గేటు బయటికే.”

నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, “పోనీలెండి మాస్టారూ, పెద్దింటివాళ్ళు,” అని నసిగాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ మండుతుంది. రూల్ బుక్కు మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ణి. పెద్దిల్లు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఆ ఫౌలుకి వచ్చిన త్రో జట్టులో ఎవరైనా వెయ్యొచ్చు. అక్కుపల్లి కెప్టెన్ బంతి గౌరికే ఇమ్మంది. గౌరి వేసింది. పడింది. తర్వాత ఆమెకి మిగిలిన రెండో త్రో కూడా పడింది. తండ్రి అంచునే నిలబడి చూశాడు గానీ మళ్ళీ రమ్మనలేదు.

అక్కుపల్లి రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఆట ముగిసిందని స్కోరుషీటు మీద సంతకం పెడుతుంటే గౌరి తండ్రి నా దగ్గరికి వచ్చాడు. “మళ్ళీ ఆటెప్పుడు బాబూ? గుంటకి బూట్లు సిన్నవైపోనాయి, కొనాల,” అన్నాడు. గౌరి ఇంకా ఆడుతోంది.

కోచ్ నన్ను అన్న మాట నాది, నేను మింగొచ్చు అనుకునేవాణ్ణి. కాదు. నేను మింగిన ప్రతి మాటా తర్వాత ఆడే పిల్లల మీదకే వస్తుంది. మొదటి మాటకే పిలిచి, నెమ్మదిగా, ఒక్క ముక్కలో ఆపాలి. అది ఆ కోచ్‌కీ మేలే. ఇప్పుడు మ్యాచ్‌కి ముందే ఇద్దరు కోచ్‌లకీ చెబుతాను, వరసలన్నీ సంతకం తర్వాతేనని.

మొన్న మళ్ళీ గోవిందరావు జట్టు ఆటకి వెళ్ళాను. ఆటసేపంతా గీతల మధ్యే, పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాడు. అయ్యాక టేబుల్ దగ్గరికి వచ్చి నా పెన్ను వైపే చూస్తున్నాడు. నేను కావాలనే ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం పెట్టాను.

“అయిపోనాదేటి?”

“అయిపోనాది.”

“అయితే మావా,” అన్నాడు కుర్చీ లాక్కుని, “మూడో క్వార్టర్లో ఆ ఫౌలేటి మావా, అసలు!”