రెండో లెక్కలో లచ్చి పేరు

2010 జూన్‌లో నన్ను చేవెళ్ల వైపు నుంచి నానక్‌రామ్‌గూడకు దగ్గర్లో ఉన్న పశువైద్యశాలకు బదిలీ చేశారు. శాఖలో మా హోదా పేరు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆసుపత్రికి అధికారి మేమే. నా కింద ఒక పశుసంవర్ధక సహాయకుడు, ఒక అటెండరు ఉండేవారు. అద్దాల మేడల మధ్య పశువుల ఆసుపత్రికి పనేముంటుందని నా తోటివాళ్లు నవ్వారు. నేనూ అలాగే అనుకున్నాను. చేరిన వారానికే తెలిసింది, ఆ మేడల వెనక ఖాళీ ప్లాట్లలో, రేకుల పాకల్లో నేను ఊహించినదానికన్నా ఎక్కువ బర్రెలు ఉన్నాయని. నాలుగేళ్లు అక్కడ పనిచేశాను. ఎన్నో కేసులు చూశాను గానీ, నా పద్ధతిని మార్చినది ఒక్క కుటుంబమే.

అంజయ్య, సుగుణ దంపతులకు ఆరు బర్రెలుండేవి. వాళ్ల పొలం ఎప్పుడో అమ్ముడైపోయి, డబ్బు అన్నదమ్ముల మధ్య పంపకమైంది. అంజయ్య వాటా ఇంటికి పోయింది. మిగిలినది పశువులే. కడుతున్న ఒక టవరు పక్క ప్లాటులో, యజమాని మాట మీద, పాక వేసుకున్నారు. అంజయ్య పశువుల పని చూసేవాడు. సుగుణ తెల్లవారుజామునే పాలు పితికి, షేర్ ఆటో ఎక్కి ఒక కంపెనీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనికి పోయేది. ఆమె జీతంతో తిండి, ఇద్దరు పిల్లల బడి ఫీజులు గడిచేవి.

2011 జనవరి చివర్లో అంజయ్య ఆసుపత్రికి వచ్చి, అటెండరు బయటికి వెళ్లేదాకా ఆగి, ఒక మాట అడిగాడు. వాళ్ల ముసలి బర్రె లచ్చికి బీమా గడువు ఇంకా నాలుగు నెలలుంది. అది చచ్చిపోయినట్టు పోస్ట్‌మార్టం సర్టిఫికెట్ రాసిమ్మన్నాడు.

ఈ విషయం కొంచెం చెప్పాలి. పశువుకు బీమా చేసేటప్పుడు డాక్టరు వచ్చి వయసు, పాలు, ఆరోగ్యం చూసి విలువ కట్టి, చెవికి నంబరున్న ట్యాగు వేస్తారు. పశువు చనిపోతే అదే డాక్టరు పోస్ట్‌మార్టం చేసి కారణం రాయాలి. ఆ ట్యాగు అప్పగిస్తేనే డబ్బు వస్తుంది. చెవిలోంచి ట్యాగు కోసి ఇస్తానని అతను ముందే ఆలోచించుకుని వచ్చాడు. ఆరుగురు పశువుల డాక్టర్లలో ముగ్గురైనా ఇలాంటి మాట వినే ఉంటారు. నేను కాదన్నాను. అయితే ఎందుకడిగాడో కనుక్కున్నాను.

అప్పు లక్షా ఎనభై వేలు. కొంత అంజయ్య తండ్రికి మూత్రపిండాల జబ్బు వచ్చినప్పుడు ఆసుపత్రికి అయినది, కొంత బర్రెలు కొనడానికి తెచ్చినది. కొన్నవాటిలో ఒకటి బీమా చేయించకముందే చచ్చింది. అప్పిచ్చినాయన వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. అంటే నెలకు ఐదువేల నాలుగొందలు వడ్డీయే. రెండు నెలలుగా అదీ కట్టలేదు. ఉగాదిలోగా దారి చూపకపోతే పాలిచ్చే మూడు బర్రెలను తోలుకుపోతానని ఆయన చెప్పి పంపాడు.

మరుసటి ఆదివారం వాళ్ల పాకకు వెళ్లాను. అది నా విధుల్లో లేదు. కానీ సర్టిఫికెట్ కాదన్నాక ఊరికే ఉండబుద్ధి కాలేదు. సుగుణ కూతురి నోటుబుక్కులో వెనక పేజీ తెరిచి లెక్క రాయించాను. మూడు బర్రెలు కలిసి రోజుకు పద్దెనిమిది లీటర్లు. మిగతా మూడింటిలో రెండు చూడితో వట్టిపోయి ఉన్నాయి, మూడోది లచ్చి. మొత్తం పాలు ఒక టీ హోటలుకు లీటరు ఇరవై ఎనిమిదికి పోస్తున్నారు. అంటే ఐదొందల నాలుగు రూపాయలు. దాణాకు, గడ్డికి ఆరు పశువుల మీద రోజుకు ఐదొందల పది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాయగానే విషయం తేలింది. ఏడాదిగా వాళ్లు రోజుకు ఆరు రూపాయలు ఎదురిచ్చి పాలు అమ్ముతున్నారు. పేడ అమ్మగా వచ్చినదాంతో, సుగుణ జీతంలో కోతతో వడ్డీ కడుతూ వచ్చారు.

నేను నాలుగు మార్పులు చెప్పాను. పది లీటర్లు అపార్ట్‌మెంట్లలో ఇళ్లకు ముప్పై ఎనిమిదికి పోయాలి. వట్టిపోయినవాటికీ పాలిచ్చేవాటికీ ఒకే కొలతగా దాణా పెట్టడం మానాలి. ఒక బర్రెకు పొదుగువాపు లోపల్లోపల ఉంది, దానికి వైద్యం చేయించాలి. నాలుగోది, పన్నెండేళ్లు దాటి మూడేళ్లుగా చూడి కట్టని లచ్చిని అమ్మేయాలి. దాని మేత నెలకు పద్దెనిమిది వందలు. అమ్మిన డబ్బు అసలుకు జమ కట్టాలి. సంతకు పోతే అది కోతకే పోతుందని ముగ్గురికీ తెలుసు. సుగుణ తల దించుకుని, సరే అంది.

పది రోజులకు పన్నెండు వేలు తెచ్చి అప్పులో కట్టామని చెప్పారు. అప్పిచ్చినాయన పశువుల జోలికి రాకుండా ఆగాడు. నెలకోసారి నోటుబుక్కు చూస్తానని నేను మాటిచ్చాను.

మార్చిలో లెక్క తేడా వచ్చింది. ఏప్రిల్‌లోనూ వచ్చింది. మిగలాల్సిన దానికంటే దాదాపు మూడు వేలు తక్కువ. పాలు తగ్గలేదు, ఇళ్లవాళ్లు బాకీ పెట్టలేదు. అప్పట్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరు మీదుంది. అంజయ్య వారానికి రెండు మూడు సార్లు గచ్చిబౌలి చౌరస్తాలో ధర్నాకో, ర్యాలీకో పోయేవాడు. నాకు అనుమానం అటు తిరిగింది. ఒకరోజు పొదుగువాపు మందు రాస్తూ, మీటింగుల తర్వాత కల్లు కాంపౌండుకు ఎంత పోతున్నదని అడిగాను. మాట మెత్తగానే అన్నాను, కానీ అన్నాను.

అతను మందుల చీటీ అందుకుని లేచి నిలబడ్డాడు.

“మేడం, ఉద్యమానికి పోతే తాగనీకి పోయినట్టేనా? మీరు ఆ దిక్కు నుంచి వచ్చిండ్రు కాబట్టి గట్ల అనిపిస్తది మీకు. మా ఇంటి లెక్క మీకెందుకు, ఇడ్సిపెట్టుండ్రి.”

నా పుట్టిల్లు ఒంగోలు. ఆ రోజుల్లో ఆఫీసులో ఇలాంటి మాటలు వెనక నుంచి వినిపించేవి, ఎదురుగా అన్నవాడు అతనొక్కడే. నాకు కోపం వచ్చింది. ఆ నెల నోటుబుక్కు చూడటానికి పోలేదు. వాళ్లూ పంపలేదు.

జూన్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం కోకాపేట నుంచి ఫోనొచ్చింది. బర్రె కడుపు ఉబ్బి పడిపోయిందని, తొందరగా రమ్మని. మా సహాయకుడి బండి మీద వెళ్లాం. ఒక ఇంటి వెనక వేపచెట్టు కింద బర్రె ఎడమ డొక్క డోలులా పొంగి, నాలుక బయటపెట్టి ఉంది. అలాంటప్పుడు ముందు గొట్టం వేసి చూస్తాం, గాలి రాకపోతే ఎడమ డొక్కలో ట్రోకార్ అనే పరికరంతో రంధ్రం చేసి గాలి వదులుతాం. ఆలస్యమైతే ఊపిరాడక పశువు పోతుంది. ట్రోకార్ దించాను. గాలి బుస్సుమని వచ్చింది. పది నిమిషాలకు బర్రె తల ఎత్తింది. అప్పుడు చూశాను, కుడి చెవికి పసుపు ట్యాగు. చివరి అంకెలు నాలుగు, ఒకటి, ఏడు. జనవరిలో అంజయ్య అడిగిన రోజు నా రిజిస్టరులో చూసుకున్న నంబరే.

తల దగ్గర తాడు పట్టుకుని కూర్చున్నది సుగుణ. ఆఫీసు యూనిఫాం మీదే ఉంది. డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చింది.

నేను అడగకముందే తనే చెప్పింది.

“అమ్మిన అని చెప్పిన మేడం. అమ్మలే. మా అక్క ఇంటికాడ కట్టేసిన.”

పన్నెండు వేలు ఎక్కడివని అడిగాను. మహిళా పొదుపు సంఘంలో తీసుకుందట. నెలకు పదకొండు వందల కిస్తీ. లచ్చి మేతకు పద్దెనిమిది వందలు. కలిపితే నా లెక్కలో మాయమైన దాదాపు మూడు వేలు. అంజయ్యకు తెలుసా అన్నాను. తెలియదంది. తాగుతున్నాడని నేనన్న మాట అతను ఇంట్లో చెప్పినప్పుడు కూడా ఆమె నోరు విప్పలేకపోయింది. అది చెప్పేటప్పుడు మాత్రం ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“మా మామ దవాఖానల ఉన్నప్పుడు ఎనిమిది నెలలు ఇల్లు దీని పాల మీదనే ఎల్లింది మేడం. అప్పుడు వేరే బర్రె లేకుండె. మీరు రాసిన లెక్క తప్పు గాదు. గని అండ్ల దీనికి జాగ లేకపాయె. నేనేం జెయ్యాలె?”

గాయానికి మందు రాసి, మూడు రోజులు పచ్చిగడ్డి పెట్టొద్దని చెప్పి, భర్తకు ఆ సాయంత్రమే చెప్పమన్నాను.

మర్నాడు నేనే పాకకు వెళ్లి అంజయ్యకు క్షమాపణ చెప్పాను. పదవిలో ఉన్నవాళ్లం ఆ పని తరచుగా చేయం, అందుకే గుర్తుంది. అతను తట్టలో పేడ ఎత్తుతూ, “అయిపోయింది తీయిండ్రి మేడం” అన్నాడు. భార్య మీద కోపం మాత్రం పోలేదు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదని తర్వాత తెలిసింది. బర్రెను దాచినందుకు కాదట, అప్పు దాచినందుకట.

ఆ వారమే ముగ్గురం కూర్చుని రెండో లెక్క రాశాం. ఈసారి నేను ముందు మాట్లాడలేదు. మొదటి పంక్తిలో సుగుణ లచ్చి మేత రాయించింది. దాణా మాన్పించి, ఎండుగడ్డి, కోకాపేట చెరువు పక్క మేపుతో రోజుకు నలభై రూపాయలకు దించింది. రెండో పంక్తిలో సంఘం కిస్తీ. మిగిలినది ఎక్కడి నుంచి రావాలన్నది ప్రశ్న. చివరికి అంజయ్యే చెప్పాడు, చూడితో ఉన్న ముర్రా జాతి బర్రెను అమ్ముదామని. అది ఆ పాకలో అతనికి ఎక్కువ ఇష్టమైన పశువు. ఈనబోయే మంచి బర్రెను అమ్మి, పాలివ్వని ముసలిదాన్ని ఉంచుకోవడం పశుపోషణ శాస్త్రం ప్రకారం తప్పే. మూడు రూపాయల వడ్డీ కింద మాత్రం ఆ బర్రె ఈనేదాకా ఆగడం కూడా తప్పేనని లెక్క చూపించింది. చూడి పరీక్ష చేసి ఆరోగ్య ధ్రువపత్రం రాసిచ్చాను. ఆ కాగితం ఉండటంతో మంచి ధర వచ్చింది. సర్టిఫికెట్ కోసం అతను నా దగ్గరకు రావడం అది రెండోసారి. ముప్పై ఐదు వేలు అసలులో పడ్డాయి. ఆ వానాకాలంలో రెండో చూడి బర్రె ఈని, రోజుకు ఏడు లీటర్లు మొదలుపెట్టింది.

సెప్టెంబరులో ఉద్యమంలో భాగంగా ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. మా సహాయకుడూ దిగాడు. అత్యవసర కేసులు చూడొచ్చని ఉద్యోగ సంఘంవాళ్లు ఒప్పుకోవడంతో నేను ఆసుపత్రి తాళం నా దగ్గర పెట్టుకుని కూర్చునేదాన్ని. బస్సులు నడవలేదు. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. టీ హోటలు వారానికి సగం రోజులు మూసే ఉండేది. దాణాలో కలిపే పత్తి చెక్క లారీలు రాక ధర పెరిగింది. మొదటి లెక్క అయితే ఆ నెలలోనే మునిగిపోయేది. సుగుణ మిగిలిన పాలు తోడుపెట్టి, పెరుగు గిన్నెలు నెత్తిన పెట్టుకుని నడిచి ఖాజాగూడ అపార్ట్‌మెంట్లకు తీసుకుపోయింది. ఆటోలు లేక ఆమె డ్యూటీకీ నడిచే పోయేది. అంజయ్య పొద్దున ధర్నాలో కూర్చుని, పది దాటాక గడ్డికి పోయేవాడు. ఆ రెండు నెలలు వడ్డీ మాత్రమే కట్టగలిగారు. దాన్ని నోటుబుక్కులో అలాగే రాశారు, దాచలేదు.

2013 ఎండాకాలంలో ఆఖరి కిస్తీ కట్టి, ప్రోనోటు చించి తెచ్చి నాకు చూపించారు. అప్పటికి నాలుగు పాడి బర్రెలు, లచ్చి. అంజయ్య నాకోసం ఒక చెంబు పాలు తెచ్చాడు. ఊరికే తీసుకోవడానికి నిబంధనలు ఒప్పవంటే, లీటరు ముప్పై ఎనిమిదే మేడం, మీకు తగ్గియ్య అన్నాడు. ఆ డబ్బు ఇచ్చాను. మరుసటి ఏడాది రాష్ట్రం ఏర్పడింది. నేను అక్కడి నుంచి వెళ్లిపోయాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో పాడి రుణాల దరఖాస్తులు నా చేతుల మీదుగా పోయాయి. పశువు వయసు, పాలు, విలువ రాసే గళ్లు ఫారంలో ఉంటాయి. ఇల్లు ఏ ఖర్చు మానుకోలేదో రాసే గడి ఉండదు. నేను మొదటి లెక్క రాసినప్పుడు అంకెలన్నీ సరైనవే. కానీ ఆ ఇంట్లో ఒకరు పాటించలేని షరతును అందులో పెట్టి, ఆమె సరే అన్నదాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. అలాంటి షరతు ఖర్చును తగ్గించదు, కనబడకుండా చేస్తుంది. కనబడని ఖర్చుకు ఇంకో అప్పు పుడుతుంది, దాని నింద ఇంకెవరి మీదో పడుతుంది. అందుకే తర్వాత ఏ ఇంటికి లెక్క రాయడానికి కూర్చున్నా, మొదట ఆడవాళ్లను విడిగా పిలిచి, ఏ పశువును అమ్మరో చెప్పమని అడిగేదాన్ని. దాని మేత మొదటి పంక్తిలో రాసి, మిగతా లెక్క దాని కింద మొదలుపెట్టేదాన్ని.