పెద్దత్త అడిగే మొదటి మాట

మా పెద్దత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను సత్యవేడు దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. తమ్ముడికి సంబంధం చూడటానికని వెళ్ళాను. ఫోనొచ్చిందని ఎదురంగడి నుంచి పిలిచారు. అవతల మా ఆయన గొంతు. "మద్దేన్నం ఊరుబిండి పచ్చడిలో ఉప్పు సాల్లేదని పెద్దమ్మ మా అమ్మను తిట్టి పడుకునింది. లేయలేదు" అన్నాడు.

నాకు ముందు ఊపిరి వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. తిట్టి పడుకుంది అన్నాడు చూడండి, ఆ మాట దగ్గరే నా గుండె తేలికపడింది. పోయిన మనిషి గురించి విని ఎవరైనా ఊరట పడతారా అని మీరు అనుకోవచ్చు. ఆమె ఎవరో, చివరి ఏడాది మేమందరం దేనికి భయపడ్డామో తెలిస్తే మీరూ నాలాగే అనుకుంటారు.

పెద్దత్త మా అత్తకు సొంత అక్క. ఆమెకు పిల్లల్లేరు. భర్త పోయాక చిత్తూరులో చెల్లెలింటికే వచ్చేసింది. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. ఆమె దగ్గర నేర్చుకున్న ఒకామె కువైట్ నుంచి వచ్చినప్పుడు టేప్‌రికార్డర్ తెచ్చిచ్చింది. పాటలు వినమని ఇస్తే పెద్దత్త దాంతో మనుషుల మాటలు పట్టడం మొదలుపెట్టింది. ఏ కంపెనీకీ, ఏ సంఘానికీ చెందకుండా తమ పని తాము చేసుకునే కళాకారులు ఎక్కడున్నారని వింటే అక్కడికి బస్సెక్కేది. బంగారుపాళ్యం దగ్గర రోడ్డు పక్కన లారీల వెనక నెమళ్ళు వేసే పెయింటరుతో మాట్లాడింది. తిరుపతిలో కొయ్యబొమ్మలు చెక్కే ముసలాయనతో, సంతల్లో పచ్చబొట్లు పొడిచే ఆమెతో మాట్లాడింది. ఆ మాటలను క్యాసెట్లుగా చేసి తెలిసినవాళ్ళకు ఇచ్చేది. కుట్టు అంగళ్ళలో మిషన్లు తొక్కుకుంటూ వినేవాళ్ళు, విని పక్క అంగడికి ఇచ్చేవాళ్ళు. వాటికి పేరేమీ పెట్టలేదు. అందరూ మాటల క్యాసెట్లు అనేవాళ్ళు.

ఒకసారి తిరుపతి బస్సులో డ్రైవరు ఆ క్యాసెట్ పెట్టాడు. మేమిద్దరం వెనక సీట్లో ఉన్నాం. పాటలు పెట్టకుండా ఈ ముసలోళ్ళ ముచ్చట్లు ఏందప్పా అని మొదట గొణిగారు. పచ్చబొట్ల ఆమె తన మొగుడు పారిపోయి వచ్చిన కథ చెబుతుండగా బస్సంతా సద్దుమణిగింది. ఒకాయన పూతలపట్టులో దిగాల్సినవాడు వింటూ కూర్చుండిపోయాడు. ఊరు దాటాక లేచి డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. "పాటలైతే నేను దిగుండేవాణ్ణి గదప్పా" అన్నాడు. దిగుతూ దిగుతూ, ఆ మొగుడు మళ్ళీ పారిపోయినాడా లేదా అని కండక్టర్ని అడిగాడు. పెద్దత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తిరుపతి దాకా నవ్వింది. ఆ క్యాసెట్ చేసింది తనే అని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమె ఎవరి దగ్గర కూర్చున్నా మొదట అడిగేది ఒక్కటే. "పొద్దున ఏం తిన్నారు?" అని. కళ గురించి చివర్లోనే అడిగేది, ఒక్కోసారి అడిగేదే కాదు. తిండి గురించి అడిగితే ఎవరు వండారో వస్తుంది, వండినవాళ్ళ గురించి వస్తే ఇల్లు వస్తుంది, ఇంట్లోంచి మెల్లగా పని బయటికి వస్తుంది.

ఆమె రెండో అలవాటు చెనక్కాయలు, అదే వేరుశనగకాయలు. ఆమె చేతిసంచిలో టేప్‌రికార్డర్‌తో పాటు ఒక చిన్న చేట, కాయల మూట ఎప్పుడూ ఉండేవి. చేట మధ్యలో పెట్టి, మాట్లాడే మనిషి చేత కాయలు వలిపించేది. తనూ వలిచేది. అందుకే ఆమె క్యాసెట్లలో ఎక్కడ విన్నా మాటల వెనక టప్ టప్ మని చప్పుడు ఉంటుంది. కాపీలు తీసే అంగడాయనకు ఆ చప్పుడు గిట్టేది కాదు. "ఇట్లయితే ఎవురు ఇంటారమ్మా, శుబ్బరంగా పట్టుకోని రా" అని చెప్పాడట. సరే చూద్దామని ఒకసారి చేట సంచిలోనే ఉంచేసింది.

ఆ రోజు నేనూ ఉన్నాను. భారతం ఉత్సవాలు జరిగే ఊళ్ళలో వీధినాటకాలకు ద్రౌపది వేషం కట్టే ఆయన దగ్గరికి వెళ్ళాం. మీసాలు లేని పెద్దమనిషి. మిషను మీద ఎర్రలైటు వెలగగానే ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు. పొద్దున ఏం తిన్నారంటే, బాల్యము నుండియు తాను కళామతల్లి సేవ చేయుచున్నానని బడిలో ఉపన్యాసంలా మొదలుపెట్టాడు. పెద్దత్త కాసేపు విని, మిషను ఆపి, సంచిలోంచి చేట తీసింది. ఆయన కాయలు వలవడం మొదలుపెట్టాక భుజాలు దిగాయి. ఎప్పుడు మిషను మళ్ళీ నొక్కిందో ఆయన చూడలేదు.

"ఏసం కట్టే దినం మా ఇంట్లో నీళ్ళు నేనే మోస్తానమ్మా" అన్నాడు ఆయన. "పెద్ద బిందె నడుం మీద పెట్టుకోని బోరింగు కాణ్ణుంచి ఇంటికి నడిస్తేనే ఆయమ్మ నడక నాకొస్తాది. మా బిడ్డ సిగ్గుపడతాది, నాయనా ఎవురన్నా చూస్తారని. చూడనీలే. రేత్రికి ఎట్లాగూ చూసేవాళ్ళే గదా."

ఆ క్యాసెట్‌ను ఎంతమంది అడిగి తీసుకున్నారో చెప్పలేను. అంగడాయన మళ్ళీ చెనక్కాయల ఊసెత్తలేదు.

నేను ఆమె వెంట ఎందుకు తిరిగానో కూడా చెప్పాలి. నేను అయిదో తరగతి వరకే చదివాను. మా ఊరు తమిళనాడు అంచున ఉంటుంది. మా మాటలో సగం అరవం కలుస్తుంది. పెళ్ళయి చిత్తూరు వచ్చిన కొత్తలో నేనేదన్నా అంటే ఇంటికి వచ్చినవాళ్ళు మళ్ళీ చెప్పించుకుని నవ్వేవాళ్ళు. చెడ్డగా కాదు, ముద్దుగానే నవ్వేవాళ్ళు. అయినా నాకు నోరు పడిపోయింది. అడిగితే తలూపేదాన్ని. కోడలు మూగదా అని పక్కింటామె మా అత్తనే అడిగింది. పెద్దత్త మాత్రం ఎప్పుడూ మాట్లాడమని అనలేదు. "సంచి మోసేదానికి వస్తావా పాపా?" అంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని కాయలు వలిచేదాన్ని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏవో చెప్పేది. నాకు గుర్తున్నవి రెండు. "అడిగినాక నోరు మూసుకోవల్ల పాపా. మనం ఊరకుండేది గూడా అడిగినట్టే" అనేది. ఇంకొకటి, "వాళ్ళు సెప్పేది వాళ్ళనే సెప్పనీ. మనకు తెలిసినా ముందుగా మనం అందియ్యగూడదు" అనేది. నేను తలూపేదాన్ని.

పోయిన ఏడాది ఎండాకాలం ముగిసేటప్పుడు పెద్దత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోలేదు గానీ, వచ్చిన మాట వంకరగా, ముద్దగా వచ్చేది. ఒక్కో మాటకు ఆమె చాలాసేపు వెతుక్కోవాల్సి వచ్చేది. మెల్లగా మాట్లాడిస్తూ ఉండండి, మాట్లాడించకపోతే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు.

మాకెవరికీ మాట్లాడించడం చేతకాలేదు. అందరికీ ఆమె మీద ప్రేమే. ఆ ప్రేమతోనే ఆమె నోరు తెరవకముందే మాట అందించేవాళ్ళం. నీళ్ళా, ఫ్యానా, పక్క మార్చాలా? ఆమె 'అ' అనేలోగా నీళ్ళు వచ్చేవి. చూడటానికి వచ్చినవాళ్ళు ఎట్లుందని మా అత్తను అడిగేవాళ్ళు, ఆమె తల మీదుగా. మా అత్త బాగుందని చెప్పేది. ఊరంతా తిరిగి ప్రతి మనిషినీ పొద్దున ఏం తిన్నావని అడిగినామెను, ఆమె ఏం తినిందో ఆమెనే అడిగేవాళ్ళు లేకపోయారు. కొన్ని వారాలకు ఆమె మాట్లాడే ప్రయత్నం మానేసింది. ఏమడిగినా తలూపడం మొదలుపెట్టింది.

ఆ తలూపడం నాకు తెలుసు. మా ఇంట్లో అది నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. సిగ్గుతో మూసుకున్న నోరు ఎంత తొందరగా బిగుసుకుపోతుందో నాకు తెలుసు. ఈమె మనసులో ఉన్నదంతా లోపలే పెట్టుకుని వెళ్ళిపోతుందేమో అని అప్పుడు భయం పట్టుకుంది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా.

ఒక మధ్యాహ్నం మా ఆయన పనికి పోయాక టేప్‌రికార్డర్ తెచ్చి ఆమె మంచం పక్కన నేల మీద పెట్టాను. ఆమెను మెల్లగా దించి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. చేటలో చెనక్కాయలు పోసి మధ్యలో పెట్టాను. రెండు మీటలూ కలిపి నొక్కితే ఎర్రలైటు వెలిగింది. ఆమె లైటును చూసింది, నన్ను చూసింది.

"పొద్దున ఏం తిన్నారు పెద్దత్తా?" అన్నాను.

ఆమె నోరు కదిలింది, మాట రాలేదు. ఎడమ చేత్తో ఒక కాయ తీసుకుంది. నేనూ ఒకటి వలిచాను. ఆమె కాయను నేలకు అదిమి చితకొట్టింది. నీళ్ళు కావాలా అని అడగాలని నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు కరుచుకుని కూర్చున్నాను.

వంటింట్లోంచి మా అత్త గట్టిగా, "ఇడ్లీ తినింది, రెండు పెట్నా" అంది.

నేను ఆ ఇంట్లో అంతవరకు మా అత్తకు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికైనా మాట్లాడింది ఎప్పుడు? "మీరు ఉండండత్తా" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "పెద్దత్తను గదా అడిగినా."

పెద్దత్త నన్నే చూస్తోంది. ఇంకో కాయ తీసుకుంది. దాన్ని పగలగొట్టింది. అప్పుడు ఒక్కొక్కటిగా మాటలు వచ్చాయి. "సంగటి... అడిగినా." మళ్ళీ చాలాసేపు. "ఇయ్యలేదు... ఇది." ఎడమ చేత్తో వంటింటి వైపు చూపించింది.

మా అత్త చేతిలో గరిటెతో పరిగెత్తుకుంటూ వచ్చింది. "యాడడిగినావక్కా? ఎప్పుడడిగినావు? మెత్తగా పెట్టమనిండాడు గదా డాక్టరు" అంది.

"మొన్న... అడిగినా. నువ్వు... నీళ్ళు ఇస్తివి" అంది పెద్దత్త.

మా అత్త గరిటె పట్టుకునే గుమ్మంలో కూలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ రాత్రి మా ఇంట్లో సంగటి.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు చేట ముందు కూర్చోవడం మాకు అలవాటైంది. అడగటం నా వంతు, ఊరకుండటం కూడా నా వంతు. ఆమె మాట మునుపటిలా కాలేదు. వంకరగానే ఉండేది, కానీ ఆగలేదు. ఈ చెనక్కాయల ఉపాయం ఎట్లా తట్టిందని ఒకసారి అడిగాను. కుట్టు నేర్చుకునే పిల్లలు చేతిలో సూది ఉంటే ఏవైనా చెప్పేవాళ్ళు, సూది పక్కన పెట్టమంటే గమ్మున అయిపోయేవాళ్ళు, అందరికీ సూది ఇవ్వలేను కదా అని కాయలు ఇచ్చానని చెప్పింది. ఆ చిన్న జవాబుకు ఒక వైపు క్యాసెట్ సగం అయిపోయింది. ఆమె తన గురించి చెప్పింది అదే మొదలు. ఇన్నేళ్ళలో ఆమెను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. తర్వాత్తర్వాత చిన్నప్పటి సంగతులు, భర్త సంగతులు, ఆయన చీటికీ మాటికీ అలగడం, అన్నీ చెప్పింది. ఒక్కోసారి ఉన్నట్టుండి ప్రశ్న నాకు తిప్పేది. "నువ్వు... ఏం తిన్నావు పాపా?" అని. నేను చెప్పేదాన్ని. ఆ క్యాసెట్లలో నా అరవం కలిసిన మాటలు కూడా ఉన్నాయి. మా అత్త వాటిని పక్కింటామెకు వినిపించింది. మూగదా అని అడిగిన ఆమెకే.

నేను పుట్టింటికి బయల్దేరిన రోజు పెద్దత్త నన్ను ఆపలేదు. వచ్చేటప్పుడు మీ ఊరి కాయలు తీసుకురా, ఇక్కడివి తాలు ఎక్కువ అని మాత్రం అంది. తెచ్చాను. తెచ్చేసరికి ఆమె లేదు.

ఆమెకు నొప్పి లేదు. మాట లోపల మిగల్చుకోలేదు. చెల్లెల్ని తిట్టాలనుకుంది, తిట్టింది, పడుకుంది. అంతకన్నా ఏం కోరుకుంటాం? కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్న ప్రతిసారీ నాకు అదే గుర్తొచ్చి మనసు కుదుటపడుతోంది.

దినాల రోజు ద్రౌపది వేషం కట్టే ఆయన వచ్చాడు. వరండాలో గోడకు ఆనకుండా నిటారుగా కూర్చున్నాడు. ఆమె వలన తనకు లభించిన గౌరవము అని ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపి కండువాతో మొహం తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఓదార్చబోయారు. అప్పుడు మా అత్త లోపలికి వెళ్ళింది. వరండా అంతా తొక్కలు పోస్తారని ఇన్నేళ్ళూ అక్కతో పోట్లాడిన మా అత్త, ఆ చిన్న చేటలో నేను తెచ్చిన కాయలు పోసుకుని వచ్చింది. ఆయన ముందు పెట్టి తనూ కూర్చుంది.

"పొద్దున ఏం తిన్నారప్పా?" అని అడిగింది. అడిగి ఊరుకుంది.

ఆయన చేటలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. టప్ మని మొదటి కాయ పగిలింది.