పదిహేనో నంబరు రాజవ్వ

హత్నూర దగ్గరి మిషన్ బడిలో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పిన పరంజ్యోతి, ఆ బడి మూతపడ్డాక, డెబ్బై మూడులో పటాన్‌చెరులోని చేత్తో కొట్టే బోరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ గుమాస్తాగా చేరాడు. ముందటేడు కరువుకు బావులెండిపోయి ఊరూరా బోరింగు వేస్తున్న రోజులు. ఆయన పని సులువే. ఒక్కో బోరింగుకు పధ్నాలుగు పరీక్షలు, పధ్నాలుగు గడులు, పధ్నాలుగు టిక్కులు.

కానీ పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? పాఠంలో లేనిది అడగకూడదు, ఉన్నది అడక్కుండా వదలకూడదు అని నమ్మిన మనిషాయన. మొదటి వారంలోనే పరీక్షల షెడ్డు మిస్త్రీ కొమురయ్యను పట్టుకున్నాడు.

"కొమురన్నా, బోరింగును మూడు దినాలు ఉప్పునీళ్లల్ల ఎందుకు నానబెడుతున్నరు?"

"గది ఆరో నంబరు పరీక్ష సారూ."

"అడిగిందెవరు?"

కొమురయ్య తల గోక్కున్నాడు. "ఏమో సారూ. నేను వచ్చినకాన్నుంచి నానబెడ్తనే ఉన్న."

ఆరా తీస్తే తేలింది. ఫ్యాక్టరీకి వచ్చిన మొట్టమొదటి ఆర్డరు ఎక్కడో రేవు పట్నానిది. సముద్రపు గాలికి తుప్పు పట్టకూడదన్నారు వాళ్లు. ఆ సరుకు వెళ్లి ఆరేళ్లయింది. సముద్రం మొహమెరగని జిన్నారం ఊళ్లకు పోయే బోరింగులు మాత్రం ఇంకా ఉప్పునీళ్లలో మునుగుతున్నాయి.

పరంజ్యోతి ఒక పెద్ద అట్ట తెచ్చాడు. ఎడమవైపు ఇప్పటి ఆర్డరులో కోరినవి పదకొండూ రాశాడు, కుడివైపు చేస్తున్న పరీక్షలు పధ్నాలుగూ రాశాడు. ఏ కోరికకు ఏ పరీక్ష జవాబో గీతలు కలిపాడు. ఐదు పరీక్షలను ఎవరూ కోరలేదు. తొమ్మిదో కోరికను ఎవరూ పరీక్షించలేదు. అదేమంటే, ఆడమనిషి ఒంటిచేత్తో కొట్టగలగాలి.

మేనేజరు రామలింగేశ్వరరావు కృష్ణా జిల్లా మనిషి. అట్ట చూసి మురిసిపోయాడు. "బ్రహ్మాండమండీ!" అంటూ పెన్సిలు తీసి, తొమ్మిదో కోరిక నుంచి రంగు పరీక్షకు తానే ఒక గీత లాగాడు. "ఖాళీగా ఉంటే బాగోదు. పైవాళ్లొస్తారు."

"సార్, రంగుకూ ఆడోళ్ల చేతికీ ఏం సంబంధం?"

"చెయ్యి వేసేది రంగు మీదే కదండీ!"

పైవాళ్లొచ్చారు. ఒక్క ఖాళీ అయినా లేదని అట్టను మెచ్చుకుని, టీ తాగి వెళ్లారు. ఆ మెప్పు పరంజ్యోతికి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు వాకిలి ఊడ్చే రాజవ్వను షెడ్డులోకి పిలిచాడు. కాజీపల్లి మనిషి, ఎండుపుల్లలా ఉండేది.

"రాజవ్వా, జెర గీ బోరింగు కొట్టి సూడు."

ఒక చేత్తో నొక్కింది. కదల్లేదు. రెండు చేతులా నొక్కినా అంతే. చివరికి పిడికి వేలాడి, కాళ్లు నేల వదిలాక గానీ గుక్కెడు నీళ్లు రాలేదు.

"గిది ఆడోళ్లకా సారూ? ఎడ్లకు కట్టుండ్రి."

పరంజ్యోతి "ఫెయిల్" అని రాశాడు. మేనేజరుకు మండింది. "రాజవ్వేమన్నా కొలత సాధనమా? దానికి నంబరుందా? రిజిస్టరులో ఉందా?"

పరంజ్యోతి ఆ మాటనే పట్టుకున్నాడు. సాధనాల రిజిస్టరులో రాశాడు: నంబరు పదిహేను, పేరు రాజవ్వ, బరువు నలభై ఒక్క కిలోలు, ఏటా సరిచూడవలెను. చదవకుండా సంతకం పెట్టే అలవాటున్న మేనేజరు దాని కిందా పెట్టేశాడు. పెట్టాక వెనక్కి పోలేకపోయాడు. బోరింగు పిడి జానెడు పొడుగైంది. పదిహేనో పరీక్ష పుట్టింది. రాజవ్వ నౌకరీ పర్మనెంటైంది.

పర్మనెంటంటే క్యాంటీను భోజనం, దినానికి నలభై బోరింగులు కొట్టడం. మూడేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం పరంజ్యోతి భార్య ఎలిజబెత్ సద్దిగిన్నె తెచ్చి, సరదాగా ఒక కొత్త బోరింగు మీద చెయ్యి వేసింది. పిడి సగంలోనే ఆగిపోయింది. రాజవ్వ దాన్నే పొద్దున కొమురయ్యతో ముచ్చట పెడుతూ ఒంటిచేత్తో కొట్టి పాస్ చేసింది.

పరంజ్యోతి రిజిస్టరు తీశాడు. "సరిచూడబడినది, బాగున్నది" అని మూడేళ్లూ రాసింది తన చేతే. ఒక్కసారైనా రాజవ్వను తూకం వేయలేదు.

"రాజవ్వా, నీ చెయ్యి బలమైంది. ఇగ పరీక్షకు పనికిరావు," అన్నాడు, ఆమె మొహం చూడలేక.

"బలమొస్తే తీసేస్తరా? గదేం కానూను సారూ? బలం పనే ఇయ్యుండ్రి. పానా పట్టి నట్లు బిగిస్త."

మేనేజరు నవ్వాడు. "ఆడవాళ్లకంత బలమెక్కడిదండీ?"

పరంజ్యోతి ఆ వారం కాగితాలు ముందు పెట్టాడు. ఎలిజబెత్‌తో కొట్టించి చూస్తే బిగుసుకుపోయినవని తేలిన బోరింగులు నలభై, అన్నింటికీ రాజవ్వ ఒంటిచేతి పాస్. మేనేజరు ఈసారి చదివి మరీ రాజవ్వ బదిలీకి సంతకం పెట్టాడు. ఆ నలభై విప్పి సరిచేశారు. రాజవ్వ బిగింపు షెడ్డుకు పోయి, మొదటి నెలలోనే రెండు నట్లు విరగ్గొట్టింది.

పదిహేనో నంబరుకు మళ్లీ బక్క మనిషి కావాల్సి వచ్చింది. ఎవరినీ ఏడాదికి మించి ఆ పనిలో ఉంచరాదని, నెలనెలా తూకం వేయాలని పరంజ్యోతి షరతు రాశాడు. పని అడగవచ్చిన పోశమ్మ అంతా విని నోరు తెరిచింది.

"గట్లయితే ఏడాది పొడుగూత తినకుంట ఉండాల్నా సారూ?"

పరంజ్యోతి ఆమెను తూకం వేసి, బరువు రిజిస్టరులో రాశాడు. పనిలో చేర్చుకున్నాడు.