మా పూజలోని గొడ్డలి

టీచరమ్మ పోయారన్న సంగతి పాలు పోసే దాదా చెప్పాడు. గిన్నె పట్టుకుని నిలబడితే, పోయబోయినవాడు ఆగి, "దీదీమొణి చోలే గేలేన్" అన్నాడు బెంగాలీలో, టీచరమ్మ వెళ్ళిపోయారని. ఏ దీదీమొణి అని అడగలేదు. ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర మా రైల్వే క్వార్టర్ల వరుసలో ఆ పిలుపు ఒక్కరికే ఉండేది.

బడిలో సంతాప సభ పెట్టారు. ఆమె చదువు గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు మాట్లాడారు. పొరుగింటామె కదా, రెండు మాటలు చెప్పమని నన్నూ లేపారు. నిలబడ్డాను. నమస్కారం పెట్టి కూర్చున్నాను. యాభై ఏళ్ళొచ్చినా నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాలేదు. అక్కడ చెప్పవలసింది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను, మా ఇంటి పిల్లల కోసం.

నేను కాపురానికి ఖరగ్‌పూర్ వచ్చేసరికే ఆమె పక్క క్వార్టర్‌లో ఉండేవారు. రైల్వే బడిలో తెలుగు పిల్లలకు చరిత్ర చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. తామ్‌లుక్‌లో తవ్వకాలు జరిగిన రోజుల్లో సెలవు దొరికితే చాలు, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవారు. తామ్రలిప్తి అని ఒకప్పుడు ఓడలు ఆగిన రేవట అది. చీర కుచ్చిళ్ళ నిండా మట్టితో తిరిగొచ్చి, మా అరుగు మీద కూర్చుని, ఏ లోతులో ఏ కుండపెంకు దొరికిందో చెప్పేవారు. చుట్టాలింటి పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పినంత సంబరంగా చెప్పేవారు.

ఒకసారి అరటి పిలక నాటడానికి మా వారు పెరట్లో గొయ్యి తవ్వితే, పూడ్చవద్దంటూ పరుగున వచ్చారు. మా అట్లకాడ అడిగి తీసుకుని గొయ్యి గోడను నున్నగా చెక్కారు. పైన బొగ్గు బూడిద చార. దాని కింద చింతగింజలు. ఇంకా కింద చేప ముళ్ళు, టీ తాగి పారేసిన మట్టి భాండ్‌ల ముక్కలు.

"ఈ చింతగింజలు మనవి. కిందవి మనకి ముందున్న బెంగాలీ వాళ్ళవి. ఇలిశ్ చేప బాగా తిన్నారు" అన్నారు.

మా అత్తగారు బుగ్గ మీద చెయ్యి వేసుకున్నారు. "అయితే చేప ముళ్ళ మీదేటి నేను తులసిని పెట్టినాను?"

"తులసికేం ఇబ్బంది లేదు పిన్నిగారూ. పచ్చగా ఉంది చూడండి."

"ఆ అట్లకాడ మాత్రం నా వంటింట్లోకి తేకు."

టీచరమ్మ నవ్వి నాతో అన్నారు: "పై పొరా కింది పొరా కలిపీకూడదు పిల్లా. కలిపితే ఎవరు ఎక్కడ బతికినారో తెలీకుండా పోతుంది."

మా పూజలో ఒక పిడుగురాయి ఉంది. వాళ్ళ తాతకు చేలో దొరికితే, మా అత్తగారు శ్రీకాకుళం పక్క పుట్టింటి పల్లె నుంచి తెచ్చుకున్నది. అరచేతిలో పట్టే నల్లరాయి, ఒక కొన పలచగా, నున్నగా ఉంటుంది. పిడుగు పడినచోట నేలలోకి దిగుతుందని, ఇంటిని కాస్తుందని నమ్మకం. కాన్పు కష్టమైతే ఆ రాయిని కడిగి, ఆ నీళ్ళు తాగించేవారు. మా వరుసలో చాలామంది అలా తాగి కన్నవాళ్ళే. నా మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను, రాయి ఇక్కడ ఉంది. అందుకే రెండోసారి అత్తగారు నన్ను పంపలేదు. నా ధైర్యమంతా ఆ రాయి మీదే.

నాకు ఏడో నెలలో, శ్రావణ శుక్రవారం పేరంటానికి టీచరమ్మ వచ్చారు. పూజ ముందు వంగినావిడ ఎంతకీ లేవలేదు. ఒకసారి ముట్టుకోవచ్చా అని అడిగితే అత్తగారు మురిసిపోయి రాయిని చేతికిచ్చారు. టీచరమ్మ దాని అంచును వేలితో తడిమారు.

"ఇలాటి పిడుగు నువ్వెక్కడా చూసుండవు" అన్నారు అత్తగారు.

అవునని ఊరుకుంటే పోయేది. ఆమె ఊరుకోలేదు. "పిడుగు కాదు పిన్నిగారూ, గొడ్డలి. ఇనుము తెలియని కాలంలో రాతిని రాతి మీద నూరి చేసినారు. కొత్త రాతియుగం అంటాం."

అత్తగారు రాయిని వెనక్కి తీసుకుని పమిటతో తుడిచారు. "నా దేవుణ్ణి గొడ్డలంటావేటి? తాంబూలం తీసుకుని ఎల్లు తల్లీ."

కోపమైతే వచ్చింది గాని, టీచరమ్మ మాట తప్పని ఆమె అనుకోలేదు. సాయంత్రానికి రాయిని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టేశారు. "నరికే వస్తువు కడిగి, కడుపుతో ఉన్న పిల్లకి పట్టనా?" అన్నారు. పూజలో ఖాళీ అయిన చోటుకే నేను దండం పెట్టుకునేదాన్ని.

నెలలు నిండాక ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. కాన్పులు చేసే దాయి వచ్చి కూర్చుంది. బడి వదిలే వేళైనా బిడ్డ కిందికి దిగలేదు. నేను రాయి, రాయి అని కలవరించానట. సంగతి తెలిసి టీచరమ్మ రైల్వే ఆసుపత్రి నర్సమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. ఆమెను నా దగ్గరకు పంపి, తాను వంటింటి గడప మీద అత్తగారి పక్కన కూర్చున్నారు. తలుపు తెరిచే ఉంది. ప్రతి మాటా నాకు వినబడింది.

"రాయి తియ్యండి పిన్నిగారూ."

"నువ్వే గొడ్డలన్నావు."

"ఇప్పుడడిగినా అదే అంటాను. కానీ ఇది చెట్టు కొట్టి, గుడిసె వేసుకుందుకు చేసుకున్న గొడ్డలి. ఆ గుడిసెలో కూడా ఒక ఆడది నొప్పులు పడే ఉంటాది. ఆమె కన్నాది. ఆమె పిల్లలు కన్నారు. లేకపోతే మీ తాత పుట్టేవాడా, ఆ రాయి దొరికేదా?"

 "ఆవిడికి నీళ్ళెవరిచ్చినారో పాపం" అన్నారు అత్తగారు. లేచి బియ్యం డబ్బా జరిపిన చప్పుడు వినబడింది.

దీపాలు పెట్టే వేళకు మా పెద్దమ్మాయి పుట్టింది. రాయి కడిగి పట్టిన నీళ్ళ వల్లనో, నర్సమ్మ వల్లనో నేను విడదీసి చూసుకోలేదు. భగవంతుడు అందరి చేతా చేయించాడు.

ఆ రాయిని మ్యూజియానికి ఇమ్మని టీచరమ్మ ఎన్నడూ అడగలేదు. కాని ఏ పొరలో దొరికిందో తెలియని వస్తువు సగం మూగదని బాధపడేవారు. అందుకని సాయంత్రాలు అత్తగారిని కూర్చోబెట్టి అడిగేవారు. మీ తాత ఏ చేను దున్నుతుండగా దొరికింది, వాగుకి ఎటుపక్క, మట్టి ఎరుపా నలుపా, చుట్టూ పెంకులున్నాయా? అత్తగారు విసుక్కుంటూనే చెప్పేవారు. ఆమె వెళ్ళాక ఒకరోజు నాతో, "నా పుట్టింటి గురించి ఇంతకాలంలో ఇంత అడిగినవాళ్ళు లేరే" అన్నారు. ఆ రోజు నుంచి కాఫీ ముందుగా టీచరమ్మకే కలిపేవారు.

అత్తగారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు టీచరమ్మా లేరు. ఈ కాగితాలు పూజ అరలో పెడుతున్నాను. పిల్లలూ, దాచి ఉంచండి. బయటివాళ్ళకు చూపనక్కర్లేదు. దేవుడా గొడ్డలా అని వాదించుకుంటారు, నాకు ఆ వాదన అక్కర్లేదు. రాయికి నీళ్ళు పోస్తూ కళ్ళు మూసుకుంటే ఒకప్పుడు నాకు మెరుపు కనబడేది. ఇప్పుడు వాగు ఒడ్డున ఒకడు గొంతుక్కూర్చుని, తడి ఇసుక చల్లిన బండ మీద రాయి నూరుతూ కనబడతాడు. కాస్త నూరి, బొటనవేలితో అంచు చూసుకుని, మళ్ళీ నూరుతాడు. వెనక గుడిసెలోంచి పసిబిడ్డ ఏడుపు వినబడగానే, చేతులైనా కడుక్కోకుండా లేస్తాడు.