‘వాస్తు కుదరలేదట వదినె’

మా మరిది పోయాడన్న కబురు మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చింది. ఎల్లారెడ్డిలో ఉండే మా అమ్మాయి ఫోను చేసింది. “అమ్మా, చిన్నాయిన పోయిండు. చాయ తాగి, ఎండపొడకు గోడకు ఒరిగి కూసున్నడట. అంతే” అన్నది. నేను “సరే” అన్నాను.  అప్పటికి మా మరిదికీ నాకూ మాటలు లేక రెండు నెలల పదకొండు రోజులు. ఆపింది నేను.

ఆయన మావారికి ఒక్కగానొక్క తమ్ముడు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను. ఇద్దరం జనంతోనే బతికాం. నేను మనుషులను నిలబెట్టి పని చేయించాను, ఆయన కూర్చోబెట్టి చేయించాడు. “నిండిన బస్సుల ‘జరగున్రి, జరగున్రి’ అంటె ఎవ్వరు జరగరు వదినె. ‘లోపల మస్తు జాగ ఉన్నది’ అనాలె” అని చెప్పేవాడు. అది అబద్ధం కదా అని నేను అడిగితే, “అబద్ధమే. గని జరిగిన్రు గదా” అని నవ్వేవాడు. ఆ మాటను నేను హాస్యం కిందనే తీసుకున్నాను. అది ఆయన పద్ధతి అని తెలుసుకోవడానికి ఆయన పోవలసి వచ్చింది.

మావారు కాలం చేసి మూడేళ్ళయింది. కామారెడ్డిలో మా ఇల్లు నాలుగు గదులది. పైన డాబా. నా మోకాళ్ళు డాబా సంగతి ఎప్పుడో మరిచిపోయాయి. ఎల్లారెడ్డిలో మా అమ్మాయి బడిపంతులమ్మ. వాళ్ళ వీధిలోనే రెండు గదుల ఇల్లు ఒకటి అమ్మకానికి వస్తే బయానా ఇచ్చాను. మిగతా సొమ్ము దసరా లోపల కట్టాలి. కట్టలేకపోతే బయానా పోతుంది, ఇల్లూ పోతుంది. కామారెడ్డి ఇల్లు అమ్మితే తప్ప నేను ఆ సొమ్ము కట్టలేను. కూతురూ మనవరాలూ పిలిస్తే పలికే దూరంలో చివరి రోజులు గడపడమా, నాలుగు గదుల్లో ఒక్కదాన్నే తిరగడమా అన్నది ఆ దసరా మీద ఆధారపడింది.

“బ్రోకరెందుకు వదినె, నేను లేనా?” అన్నాడు మా మరిది. అన్నట్టే ప్రతి ఆదివారం ఎల్లారెడ్డి నుంచి పొద్దటి బస్సుకు వచ్చేవాడు. ఏనాడూ వట్టి చేతులతో రాలేదు. కవరులో నాలుగు సీతాఫలాలో, కాల్చిన మక్కకంకులో ఉండేవి. చెప్పులు విడిచి, రెండింటినీ వీధి వైపు మొహం పెట్టి జతగా ఉంచేవాడు. చాయ సాసరులోనే తాగేవాడు.

ఇంటిని చూపించడానికి తయారు చేయడం మొత్తం ఆయన చేతుల మీద జరిగింది. గోడలు గీకి రంగు వేశాడు. కారే నల్లాకు వాషరు మార్చాడు. కిర్రుమనే తలుపులకు నా తలనూనె పోశాడు. సజ్జ మీది పెట్టెలన్నీ దించి దులిపాడు. మావారి పుస్తకాలు కట్టలు కడుతూ ఒక్కో అట్ట తుడిచాడు. ఒక్క విషయంలోనే మాకు తేడా వచ్చింది. మా ఇంట్లో నా చేతి రాతతో కాగితాలు అంటించి ఉండేవి. నల్లా దగ్గర ‘వాడిన తరువాత కట్టేయవలెను’, తలుపు మీద ‘మెల్లగా వేయవలెను’.

“గివి బడిల ఉన్నట్టున్నయి వదినె, తీసేద్దామా?” అన్నాడు.

“అక్షరం తప్పుందా?”

“లేదు.”

“మరి ఎందుకు తీయాలి?”

తల గోక్కుని పుస్తకాల కట్టకు ముడి వేశాడు. తనలో తాను అనుకుంటున్నట్టుగా, “ఇల్లు చూడొచ్చినోళ్ళు గోడలు చూడరు వదినె, ఆ గోడల నడుమ వాళ్ళు ఎట్లుంటరో చూసుకుంటరు” అన్నాడు. మంచి మాట అనుకున్నాను. అది నాకు చెప్పిన మాట అనుకోలేదు.

మొదట వచ్చింది బ్యాంకులో పనిచేసే దంపతులు. కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మన్నాను. ఆయన స్థలం ఎన్ని గజాలో లెక్క కట్టి తప్పు చెప్పాడు, సరిదిద్దాను. ఏ గోడకు మేకు కొట్టకూడదో ఆవిడకు చూపించాను. వాళ్ళ పిల్లవాడు అల్మారా తలుపు తీస్తూ వేస్తూ ఉంటే చేతులు కట్టుకుని నిలబడమన్నాను. నిలబడ్డాడు. మా మరిది వాళ్ళను వీధి చివర దాకా సాగనంపి వచ్చి, మొహం కడుక్కుని, తువ్వాలతో చాలాసేపు తుడుచుకున్నాడు.

“ఏమన్నారు?” అన్నాను.

“ఇల్లు మస్తు నచ్చింది. గని వాస్తు కుదరలేదట వదినె. ఈశాన్యంల మెట్లున్నయట.”

“ఈశాన్యంలో మెట్లుంటే ఏమవుతుంది? ఎక్కుతారు, దిగుతారు.”

“మనకు ఏం గాదు. వాళ్ళ పట్టింపు. ఇంకొకరు వస్తరు తీ.”

వాస్తు మీద నాకు నమ్మకం లేదు. కాని అడ్డంకి ఏమిటో తెలిసినప్పుడు దాన్ని తొలగించడం లెక్క ప్రకారం సరైన పని. బుధవారం మేస్త్రీని పిలిపించి ఆ మెట్లు కొట్టించాను. అవతలి మూలకు ఇనుప నిచ్చెన పెట్టించాను. ఆదివారం మా మరిది వచ్చి, కుప్పగా పోసిన ఇటుకల మీద కూలబడ్డాడు. సీతాఫలాల కవరు చేతిలోనే ఉంది.

“ఎంత పని చేసినవ్ వదినె. ఈ మెట్లు అన్న, నేను ఇటుకలు మోసి కట్టినయి. జర నన్ను అడగొద్దా?”

“నువ్వే కదా చెప్పావు.”

కవరు నా చేతికిచ్చి, లేచి ఇటుకలు ఓ పక్కకు పేర్చసాగాడు. 

తరువాత భిక్నూర్ దగ్గర ధాబా హోటలు నడిపే ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు రాకముందు మా మరిది, “నువ్వు జరసేపు మీ దోస్తు ఇంటికి పోరాదు వదినె? నేను చూపిస్త. అమ్మెటోళ్ళు సప్పుడు చేయొద్దు, ఇల్లే మాట్లాడాలె” అన్నాడు. నా ఇల్లు నేను చూపించుకోలేనా అన్నాను. నేనే చూపించాను. వాళ్ళు వెళ్ళాక, “ఇంట్ల అడిగి చెప్తమన్నరు” అన్నాడు. ఇంట్లో పెద్ద ఆ తల్లే కదా, ఇంకెవరిని అడుగుతారు? అడిగాను. చాయ వేడిగా ఉందంటూ సాసరులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆఖరున దుబాయి నుంచి వచ్చిన ఒకాయన భార్యతో వచ్చి చూసి వెళ్ళాడు. ఈసారి “వంటిల్లు ఆగ్నేయంల లేదట” అన్నాడు మా మరిది. మా అమ్మాయితో బడి నుంచి దిక్సూచి తెప్పించాను. నాలుగు చోట్ల పెట్టి చూశాను. వంటిల్లు సరిగ్గా ఆగ్నేయంలోనే ఉంది. మరుసటి ఆదివారం దిక్సూచి ఆయన ముందు పెట్టాను. సూది నిలిచేదాకా ఇద్దరం చూశాం.

“వాళ్ళు ఉత్తరం తప్పు చూసిన్రేమో వదినె” అన్నాడు. కళ్ళు ఎత్తలేదు.

అబద్ధమాడే పిల్లలను ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను. ఈయన అబద్ధమాడుతున్నాడని ఆ క్షణం తెలిసింది. అక్కడిదాకా నా లెక్క సరైనదే. ఎందుకు అన్న దగ్గర తప్పాను. వచ్చినవాళ్ళను వీధి చివర దాకా తీసుకుపోయి ఏదో చెప్పి తోలేస్తున్నాడనీ, గడువు దాటించి, నేను విసిగాక అన్న ఇంటిని అగ్గువకు తన కొడుకు పేరున రాయించుకోవాలని చూస్తున్నాడనీ తేల్చుకున్నాను. ఆధారం చూపని విద్యార్థికి నేనెప్పుడూ మార్కులు వేయలేదు. నాకు నేను మాత్రం నూటికి నూరు వేసుకున్నాను.

దసరా వచ్చింది. సొమ్ము కట్టలేకపోయాను. బయానా పోయింది. ఆ ఇంటివాళ్ళు వేరొకరికి మాట ఇచ్చేశారు. ఆ సాయంత్రం నేను ఎల్లారెడ్డిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. చుట్టాలందరూ ఉన్నారు. మా మరిది జమ్మి ఆకు తెచ్చాడు. ఏటా అందరికంటే ముందు దాన్ని నా చేతిలో పెట్టి, “బంగారం తీసుకో వదినె” అని కాళ్ళు మొక్కడం ఆయన అలవాటు. జమ్మి పంచుకునే పూట పగవాళ్ళు సైతం కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. నేను చెయ్యి చాపలేదు.

“వచ్చినవాళ్ళందరినీ తోలేసింది నువ్వే. అన్న ఇంటి మీద తమ్ముడి కన్ను పడ్డది. అవునా, కాదా? అందరి ముందర చెప్పు” అన్నాను.

 మా మనవరాలు తల్లి కొంగు పట్టుకుంది.  మా మరిది “గట్లనే అనుకో వదినె” అన్నాడు. జమ్మి ఆకును కిటికీ దిమ్మె మీద పెట్టి, వంగి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడు అనుకున్నాను. గెలిచాను కూడా అనుకున్నాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక బంధువులు తిని వెళ్ళిపోయారు. మా తోటికోడలు విస్తరాకులు తీస్తూ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. “నీ కొడుకు ఆ ఇల్లు ఇప్పుడైనా కావాలంటాడా?” అని అడిగాను. ఆ అడగడం కూడా నా నోటికి తగినట్టే ఉంది. ఆమె విస్తరాకులు కింద పెట్టింది.

“అక్కా, ఇగ ఆయన లేడు. నేను దాచుడెందుకు? వాస్తు గీస్తు ఏం లేదు. ఇల్లు అందరికి నచ్చింది. బ్యాంకు పిల్ల ఏమన్నదో ఎరికేనా? ‘ఇల్లు మంచిగున్నది బాపు, గని ఆ టీచరమ్మ ఇల్లు అమ్మినా ఇడిసిపెట్టదు. మేము మేకు కొట్టినప్పుడల్లా వచ్చి నిలవడ్తది’ అన్నదట. భిక్నూర్ ముసలామె ‘నా ఇంట్లకు నేను కాళ్ళు కడుక్కోని రావాల్నా, గామె చెప్తె’ అన్నదట. దుబాయి ఆయనైతె ‘రిజిస్ట్రీ నాడు ఎక్కాలు గిట్ల అప్పజెప్పమంటదా’ అని నవ్విండట.”

 ఆమె ఆగలేదు.

“ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి చెప్పేటోడు. ‘ఆమెకు చెప్పరాదా, జర తగ్గుతది’ అని నేనన్న. ‘అన్న పోయినంక ఆమెకు మిగిలింది గా కచ్చితం ఒక్కటే. అది గూడ తప్పని ఎట్ల చెప్త?’ అన్నడు. దసరా నాడు అన్నం ముట్టలే. ‘గిప్పుడన్న చెప్తె ఏం పోతుండె’ అని నేనే కొట్లాడిన. ‘దొంగ అనిపించుకుంటె నేను ఒక్కన్నే తల దించుకుంట. గా నిజం చెప్తె ఆమె గంత మందిల తల దించాలె’ అన్నడు. ఆ ఇల్లు గావాల్నా అని అడిగినవ్ గదా అక్కా? మాకైతె వద్దు.”

అంత పొడుగు మాట ఆమె నాతో ఆడడం అదే మొదటిసారి. ఒక్క ముక్క కూడా సరిదిద్దలేకపోయాను.

ఆయన గొప్పవాడని రాసి ముగించడం తేలిక. అలా ముగించను. నాకు ఆయన మీద కోపం ఉంది. నిజం చెబితే నేను తట్టుకోలేనని ఆయన ఎలా నిర్ణయించాడు? మొదటి ఆదివారమే “వదినె, నీ నోరే అడ్డం” అని ఉంటే ఒక వారం అలిగేదాన్ని. మెట్లు మిగిలేవి. బహుశా ఎల్లారెడ్డి ఇల్లు మిగిలేది. మనిషి మీద నింద మిగిలేది కాదు. ఇంత చేదు మిగిల్చిన మర్యాదను మర్యాద అనాలో లేదో నాకు తెలియదు. అయితే నా ఎదుట నిజం చెప్పగలిగే చోటును ఎవరికీ మిగల్చలేదన్నది కూడా నిజమే. మా అమ్మాయిని అడిగాను, “నీకూ తెలుసా?” అని. “అందరికి తెలుసమ్మా” అన్నది. వేలమంది పిల్లల తప్పులకు ఎర్ర సిరా పెట్టాను. నా తప్పు ఊరంతా చదివింది, నేను తప్ప.

ఒక్కటి మాత్రం ఇక్కడ అచ్చులో ఒప్పుకుంటున్నాను. ఆయన ఏ ఇంటి మీదా కన్ను వేయలేదు. ఆ మాట నలుగురి ముందు అన్నాను కాబట్టి, ఈ మాటా నలుగురి ముందే అంటున్నాను. ఆయనకు వినపడదు.

ఇల్లు ఇంకా అమ్మకానికే ఉంది. మొన్న ఆదివారం తాడ్వాయి నుంచి ఒక జంట మోటారు సైకిలు మీద వచ్చారు. తాళంచెవులు వాళ్ళ చేతిలో పెట్టి, “మీరే చూసుకోండి” అని గేటు బయట నిలబడ్డాను. లోపల కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడు. ఏదో తలుపు ధడాలున పడింది. ఆ అమ్మాయి పెద్దగా నవ్వింది. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాను, లోపలికి పోలేదు.

బయటికి వచ్చి, “చూసినమమ్మా, ఇంట్ల అడిగి చెప్తం” అని తాళంచెవులు ఇచ్చి బండెక్కారు. వీధి మలుపు దగ్గర బండి ఆగింది. ఆ అమ్మాయి దిగి, ఇంటి వైపు చెయ్యి చూపిస్తూ అతనితో ఏదో చెబుతోంది. అతను తల ఊపుతున్నాడు. పెదవులు కదలడం కనిపిస్తోంది. మాట మాత్రం ఇంత దూరం రావడం లేదు. ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను.