అన్న లారీ రెండో గేరు

దయ్యం కథలు చెప్పేవాళ్లను ఎగతాళి చేసే మనిషిని నేను. ప్రమాదాల్లో పోయినవాళ్ల శవాలను ఇదే లారీలో ఊళ్లకు చేర్చాను. ఒక్కడూ లేచి నన్ను పలకరించలేదు. కానీ మొన్నటి చెరుకు సీజన్‌లో జరిగినదాన్ని మాత్రం ఎగతాళి చేయలేను.

లారీ మా అన్న రాజన్నది. పాత బండి. గేరు రాడ్డు నేరుగా గేరుబాక్సులోకి దిగదు. క్యాబిన్ కింద ఒక పొడుగు ఇనుప కడ్డీ ఆ రెండింటినీ కలుపుతుంది. అన్నీ అరిగిపోయాయి కాబట్టి రెండో గేరు ఎక్కడుందో చేతికే తెలియాలి. అన్న నాకు ఆ విద్య దెబ్బలతోనే నేర్పాడు. గేరు గరగరమంటే చాలు, పక్క సీట్లోంచి పిడికిలి బిగించి నా ఎడమ మణికట్టు మీద గుద్దేవాడు.

"భయపడకురా, గట్టిగ గుంజు!" అని అరిచేవాడు. వాచిన చేత్తోనే మళ్లీ వేయించేవాడు.

నిరుడు గుండెపోటుతో పోయాడు. ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకున్నారు. నాకు చుక్క కన్నీరు రాలేదు. అంత కోపం ఆయన మీద.

ఆ మధ్యాహ్నం బోధన్ దగ్గర చెరుకు నింపుకుని కందకుర్తి వైపు ఒక్కణ్ణే పోతున్నాను. గోదావరి బ్రిడ్జి ముందర దిగుడులో మూడో గేరు తీసి రెండో గేరు వేయబోయాను. రాడ్డు చేతిలో వదులుగా ఊగిపోయింది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు అంటింది. హ్యాండ్‌బ్రేకూ పట్టలేదు. లారీ తన బరువుకు తానే ఉరికింది.

ముందర ఆటో. వెనక కాళ్లు వేలాడేసుకుని, ఒళ్లో బీడీల చాటలతో ఆడవాళ్లు, ముఖాలు నావైపే. ఎదురుగా బస్సు వస్తోంది, తిప్పడానికి దారి లేదు. ఒక అవ్వ ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది. వీళ్లందరినీ చంపేస్తున్నానని అర్థమైంది.

అప్పుడే నా ఎడమ మణికట్టు మీద పైనుంచి దెబ్బ పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆ దెబ్బకే గేరు పడింది. ఇంజను గాండ్రించింది. చెరుకు గడలు క్యాబిన్ మీదుగా దూసుకొచ్చి అద్దం పగలగొట్టాయి. మూతి స్టీరింగుకు కొట్టుకుని నోరంతా రక్తం. లారీ ఎగిరెగిరి పడుతూ ఆటోకు బెత్తెడు దూరంలో ఆగింది.

అవ్వ దిగి వచ్చి శాపనార్థాలు పెట్టింది. "నీ చెయ్యి ఇరగ! బండి నడుపుతున్నవా, మమ్ముల సంపుతున్నవా?"

చెయ్యి అప్పటికే విరిగిందని ఆమెకు ఎలా చెప్పను?

బోధన్ నుంచి మెకానిక్ ఖాదర్ భాయ్ వచ్చి లారీ కిందికి దూరాడు. గేరుబాక్సు రెండో గేరులోనే ఉంది. దాన్ని రాడ్డుకు కలిపే కడ్డీ మాత్రం లేదు. అది ఎక్కడో వెనక, దిగుడు మొదట్లో రోడ్డు మీద దొరికింది.

"కడ్డీ గాడ పడ్డది. ఈడ గేరెట్ల ఏసినవ్ తమ్మీ?" అన్నాడు. కుదుపులకు గేరు దానంతటదే పడ్డదేమో అని తనే అని, తనే తల అడ్డంగా ఊపాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో డాక్టరు నా చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. మణికట్టు పైన పిడికిలి కణుపుల్లా వరసగా నాలుగు కమిలిన మచ్చలు.

"ఇది యాక్సిడెంట్ దెబ్బ కాదు. ఎవరు కొట్టిండ్రు?"

"మా అన్న" అన్నాను, నాకు తెలియకుండానే.

ఆ మాట అన్నాక ఏడుపు ఆగలేదు. చెయ్యి నొప్పికి అనుకుని నర్సు సూది వేసింది.