నూటపన్నెండో నంబరు

మొన్న మాఘంలో ఒక ఉదయం నౌపడ నుంచి మనిషి వచ్చి విజయనగరంలో మా గుమ్మం ముందు నిలబడితే, నేను చేతిలో వయొలిన్ కింద పెట్టకుండానే "ఏ నంబరు?" అని అడిగాను. మూడేళ్లుగా మా బావ దగ్గర నుంచి ఎవరొచ్చినా ఏదో ఒక నంబరు కోసమే వచ్చేవారు. వచ్చినవాడు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నంబరు కాదు బాబూ. మీ బావగారు ఎలిపోనారు. నిన్న బోయినం సేసి కుర్సీలో కూకున్నారు. మరి లెగలేదు" అన్నాడు.

వాడు చెప్పింది నాకు వెంటనే బుర్రకెక్కలేదు. తీరా ఎక్కాక ముందు కోపం వచ్చింది. ఎందుకంటే బావ అడిగిన సామాను కోసం నేను ఆ ముందు వారమే బుడితి దాకా వెళ్లి వచ్చాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు 'గారు' పెట్టాలంటారు. నేను పెట్టను. బతికుండగా లేని మర్యాద ఇప్పుడెక్కణ్నించి వచ్చిందిరా అని ఆయనే అడుగుతాడు. ఆయన మా అక్క మొగుడు, నేను ఆయనకి ఒక్కగానొక్క బావమరిదిని. ఒకరినొకరు ఏడిపించుకోవడానికే పెళ్లిళ్లు చేస్తారని ఇద్దరం నమ్మేవాళ్లం.

బావ నౌపడలో ఒక ఉప్పు వ్యాపారి గిడ్డంగిలో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. గోనెలు, పారలు, లాంతర్లు, మేకులు అన్నీ ఆయన చేతికిందే ఉండేవి. అడిగినవాళ్లకి "లేదు, రేపు రా" అని చెప్పడం ఉద్యోగంలో సగం. మిగతా సగం, రేపు వచ్చినవాళ్లకి మళ్లీ అదే చెప్పడం.

పని మానేసిన మర్నాడు వసారాలో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. వీధి వైపు కాదు, గోడ వైపు. భోజనానికి లేచేవాడు. తిన్నాక వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బా మూత తీసి నాలుగు జీలకర్ర గింజలు నోట్లో వేసుకునేవాడు. ఆ అలవాటు పెళ్లయిన నాటి నుంచీ ఉంది. జీలకర్ర నములుతూ వచ్చి మళ్లీ గోడ ముందు కూర్చునేవాడు. రెండు నెలలు చూసి అక్క నాకు ఉత్తరం రాసింది. అక్క మాట్లాడినట్టే రాస్తుంది.

"మీ బావ గోడకేసి సూస్తన్నారు. గోడలో ఏటున్నాదో నాకు కనపళ్లేదు. నువ్వొచ్చి సూడు."

వెళ్లి చూశాను. గోడలో ఏమీ లేదు. అక్క ముఖంలో మాత్రం భయం ఉంది. ఆ మనిషి భయపడగా నేను చూడడం అదే మొదలు.

"మా మావగారూ ఇలాగే కూకున్నారురా. పని మానీసి ఏడాది తిరక్కుండా పోనారు. ఈయనకి ఏదో ఒక పని సూపించకపోతే నాకు దక్కరు" అంది వంటింట్లో, గొంతు తగ్గించి.

ఏం పని చూపిస్తాం? బావకి పేకాట రాదు, భజన పడదు, వ్యవసాయం లేదు. చివరికి అక్కే అటక మీద ఉన్న పెట్టె దింపమంది. వెనకటికి ఆ గిడ్డంగి బంగళాలో ఉండి వెళ్లిపోయిన ఒక దొర వదిలేసిన పెట్టె అది. ఎవరికీ అక్కర్లేక బావకి వీడ్కోలు బహుమతి కింద వచ్చింది. మూత తీస్తే లోపల ఒక తెరచాప ఓడ బొమ్మ గీసిన కాగితం, చిన్న చిన్న చెక్క ముక్కలు, ఇంగ్లీషులో ఒక జాబితా ఉన్నాయి. ముక్కలన్నీ అతికిస్తే మూరెడు పొడవు ఓడ అవుతుందట. దొర సగం కూడా చెయ్యలేదు. మిగిలిన పని చెదలూ ఎలకలూ చూసుకున్నాయి.

బావ జాబితా చదివాడు. ముక్కలు లెక్కపెట్టాడు. చాలాసేపటికి కుర్చీలోంచి లేచి, సుద్దముక్క తెమ్మని, తను రెండు నెలలుగా చూస్తున్న గోడ మీదే లేని ముక్కల నంబర్లు రాశాడు. ముప్పై ఒకటి ఉన్నాయి.

"సగం పైనే ఉన్నాదిరా. లేనివి తెస్తాను. ఓడయ్యాక మీ అక్కని విశాఖపట్నం తీసుకెల్లి, నిజమోడ పక్కన పెట్టి సరిసూసుకుంటాను" అన్నాడు.

అప్పటికి బావ ఓడ అనేదాన్ని కళ్లతో చూసినవాడు కాడు. అక్కా చూడలేదు. ఆ రోజు నుంచీ ఆవిడ విశాఖపట్నం కోసం ఎదురుచూడడం మొదలెట్టింది.

జాబితాలోని ఇంగ్లీషు పేర్లు ఆ వీధిలో ఎవరికీ అర్థం కాలేదు, బావతో సహా. అందుకని ఊరంతా నంబర్లతోనే మాట్లాడేది. పాలవాడు చెంబులో పాలు పోస్తూ "పదిహేడు దొరికిందేటి బాబూ?" అని అడిగేవాడు. పదిహేడంటే ఏమిటో వాడికి తెలియదు. అది దొరకలేదన్న బాధ మాత్రం వాడికీ ఉండేది. ముప్పైనాలుగు తెరచాప గుడ్డ. దానికి అక్క పెళ్లినాటి పట్టుచీర మీద బావ కన్ను పడింది. అక్క ఆ చీర కట్టుకుని నాలుగు రోజులు ఇంట్లో తిరిగింది, విప్పితే పోతుందని. ఆఖరికి నా కచేరీ ఉత్తరీయం పోయింది.

వెతకడంలో బావకి ఒక సిద్ధాంతం ఉండేది. "లేదన్నవోడి ఇంట్లోనే ఉంటాదిరా. ముప్పయ్యేళ్లు నేను లేదనే సెప్పినాను, నాకు తెల్దేటి?" అనేవాడు. నా దగ్గరికి వచ్చి, ఓడలో తాడు చుట్టే చిన్న రాటకి తీగె బిగించే వయొలిన్ బిరడా ఒకటి ఉందా అని అడిగాడు. లేదన్నాను. నవ్వి, తిన్నగా వెళ్లి అటక మీద మా నాన్న పాత వయొలిన్ దింపి, బిరడా ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

శ్రీకూర్మం వెళ్లి అక్కడ తెలిసిన అర్చకుణ్ని చిన్న గంట అడిగాడు. దేవుడి గంట ఓడకెలా ఇస్తామయ్యా అని ఆయన ఆశ్చర్యపోయాడు. "మీ సామీ నీల్లలోంచి వచ్చినోడే గదండీ. కాదంటాడేటి?" అన్నాడు బావ. కూర్మావతారం దగ్గర పూజ చేసుకునే మనిషి ఆ మాట కాదనలేడు. తన ఇంట్లో దూడ మెడలోని గంట విప్పి ఇచ్చాడు.

భావనపాడు నుంచి ఒక ముసలి జాలరిని పిలుచుకొచ్చి వల దారంతో తెరచాప తాళ్లు కట్టించాడు. ఆయన పని ముగించి, చుట్ట వెలిగించి, ఓడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "బాగున్నాది బాబూ. నీల్లలో మాత్రం ఎయ్యకు" అన్నాడు. బావ దాన్ని మెప్పు కిందే జమకట్టుకున్నాడు.

నూటపన్నెండు లంగరు. అది నా వంతుకి వచ్చింది. బుడితిలో కంచు, ఇత్తడి పనివాళ్లుంటారని నన్ను పంపాడు. గుండిగలూ బిందెలూ చేసే పెద్దాయన ముందు కూర్చుని, బొటనవేలి గోరంత లంగరు కావాలని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆయన మాత్రం నవ్వకుండా చేసి ఇచ్చాడు.

ఏడాదిన్నరలో గోడ మీద నంబర్లు నాలుగుకి దిగాయి. అక్క విశాఖపట్నానికి కట్టుకోవలసిన చీర ఉతికి మడత పెట్టింది. అప్పుడు మొదలైంది అసలు కరువు. దొరికిన ముక్కలు మాయమవడం మొదలెట్టాయి. ఒకరోజు చుక్కాని లేదు. మరో వారం రెండు కప్పీలు లేవు. నాలుగు నంబర్లు తొమ్మిదయ్యాయి. మళ్లీ వెతికి ఐదుకి తెస్తే, అవి పదకొండయ్యాయి.

"ఎలకలు" అంది అక్క.

బావ ఎలకల బోను తెచ్చాడు. మూడు రోజులకి ఒక చుంచు పడింది. ఆయన దాన్ని బోనుతో సహా ముందు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది కాదు. దీని మొకం సూడు, ఇది అమాయికం" అని పెరట్లో వదిలేశాడు. తర్వాత లంగరు కూడా పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. బావకి మాత్రం విసుగన్నది లేదు. గోడ మీద మళ్లీ నూటపన్నెండు అని రాసి, చొక్కా తొడుక్కుని, ఎండలో గొడుగు వేసుకుని మిగతా సామాన్లకి బయల్దేరేవాడు. సాయంత్రం నాలుగూళ్ల కబుర్లతో తిరిగొచ్చి, ఆకలేస్తోందని కేకేసేవాడు. అక్క కంచం పెడుతూ, ఈ జన్మకి నాకు విశాఖపట్నం లేదని సణిగేది. ఆ సణుగుడు వింటూ ఆయన రెండోసారి వడ్డించుకునేవాడు.

మనుషులు చంద్రుడి చుట్టూ తిరిగి క్షేమంగా వచ్చారని రేడియోలో చెప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. వీధంతా అదే మాట. బావ సుద్దముక్క పక్కన పెట్టి, "ఆలకి సామాన్లన్నీ దొరికినట్టున్నాయి" అన్నాడు. ఆ గొంతులో అసూయ లేకపోలేదు.

కొన్నాళ్లకి లంగరు కోసం నన్ను మళ్లీ బుడితి పంపాడు. పెద్దాయన నన్ను గుర్తుపట్టి, మొదటిదేమైందని అడిగాడు. ఎలక ఎత్తుకుపోయిందన్నాను.

"ఇత్తడి తినీ ఎలకేటి బాబూ?" అన్నాడు. రెండో లంగరు మొదటిదానికన్నా కాస్త పెద్దదిగా చేశాడు, ఎలకకి బరువవ్వాలని. దాన్ని నౌపడ పంపిన వారానికే బావ పోయిన కబురు వచ్చింది.

పన్నెండో రోజు అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. నేను వసారాలో కూర్చుని గోడ చూస్తున్నాను. ఇంకా ఏడు నంబర్లున్నాయి, ఆఖరున నూటపన్నెండు. ఆఖరికి పూర్తి కాకుండానే పోయాడు కదా అనుకుంటే అప్పుడు ఏడుపు వచ్చింది. అక్క వంటింట్లోంచి పోపుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది. ఆవాలు, మినపప్పు, జీలకర్ర. జీలకర్ర పక్కన మెంతులుండవలసిన గిన్నెలో చుక్కాని, మూడు కప్పీలు, నా బిరడా, దూడ గంట. రెండు లంగర్లు.

"నేనే దాసినాను. ఓడయిపోతే మళ్లీ గోడకాడ కూకుంటారని బయమేసింది" అంది.

నేను తిరిగిన ఎండ, బుడితిలో పోయిన పరువు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అరవబోయి ఆగాను. నాకు ఇంకోటి తట్టింది.

"అక్కా, బావ రోజూ రెండు పూటలా ఈ డబ్బా తీసేవాడు కదా?"

అక్క చెంగుతో కళ్లు ఒత్తుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నేను గిన్నెలో ఎలా పడితే అలా పడీసీదాన్ని. మర్నాడు సూస్తే వరసగా పేర్చి ఉండీవి. పెద్దవి అడుగున, సిన్నవి పైన. గిడ్డంగిలో పేర్చినట్టు. మెంతులు లేవేటే అని ఒక్కనాడూ అడగలేదురా. నేనూ ఏటీ అన్లేదు."

లేదన్నవాళ్ల ఇంట్లోనే ఉంటుందని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. జిల్లా అంతా తిప్పినా నాకొక్కడికే అర్థం కాలేదు.

రెండు రోజులు కూర్చుని ఇద్దరం ఏడు ముక్కలూ బిగించాం. అక్క తడిగుడ్డతో గోడ తుడిచేసింది. తర్వాత ఆ గోడ ముందు, ఆ కుర్చీలోనే కూర్చోవడం మొదలెట్టింది.

మూడు నెలలు చూశాను. వైశాఖంలో వెళ్లి, విశాఖపట్నం పోదాం పద అన్నాను. ఏడాది తిరక్కుండా గడప దాటకూడదని చుట్టాలు అన్నారు. "ఓడయ్యాక తీసుకెల్తానన్నారు. అయ్యింది" అని అక్క మడత పెట్టిన చీర కట్టుకుని, ఓడని ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. టికెట్ కలెక్టరు దాన్ని చూసి ఇది లగేజీయా అమ్మా అని అడిగాడు. "ఓడండి. రైలెక్కడం దీనికిదే మొదలు" అంది.

వాల్తేరు స్టేషన్లో దిగి సముద్రం ఒడ్డుకి వెళ్లాం. దూరంగా మూడు పెద్ద ఇనప ఓడలు నిలబడి ఉన్నాయి. అక్క మా ఓడని రెండు చేతులా ఎత్తి పట్టుకుని దీన్నీ వాటినీ మార్చి మార్చి చూసింది.

"ఆటికి తెరసాపలేవిరా?"

"అవి ఇంజన్లతో నడుస్తాయక్కా. తెరచాపలు అక్కర్లేదు."

అక్క నమ్మలేదు. "సామాన్లు దొరక్క అలా సెప్తన్నారు. మీ బావుంటే ఎక్కడో దగ్గర ఎతికి తెచ్చీవోరు" అంది.

నౌపడలో దింపి వచ్చేటప్పుడు చూస్తే అక్క మళ్లీ కుర్చీలో కూర్చుంది, గోడవైపు తిరిగి. నాకు భయం వేసింది. ఓడకున్న లంగరూ, మెంతుల గిన్నెలో మిగిలిన లంగరూ రెండూ తీసి జేబులో వేసుకుని బస్సెక్కాను.

నిన్న నౌపడ నుంచి మనిషి వచ్చాడు.

"ఏ నంబరు?" అన్నాను.

"నూటపన్నెండు బాబూ. రెండూ ఎలకెత్తుకుపోయిందని సెప్పమన్నారు అమ్మగారు. గోడ మీద రాసీసేరు. వారం రోజులై ఊరంతా ఎతుకుతున్నారు. రేపు బుడితి ఎల్తారట. మీ కాడ ఉన్నాదేటని అడగమన్నారు."

"లేదని చెప్పు" అన్నాను.

అతను వెళ్లాక వయొలిన్ పెట్టె తెరిచి చూశాను. తీగెల పొట్లం పక్కన లంగర్లు రెండూ ఉన్నాయి, పెద్దది అడుగున, చిన్నది పైన.